మా ఇంట్లోనూ అంతే, వదినా!



వంటిల్లు సర్దుకుని, గిన్నెలు బోర్లించి, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళకే పక్కింటావిడ పిట్టగోడ దగ్గర ఓ మాట, ఎదురింటావిడ గుమ్మంలో ఓ మాట పలకరించుకోవడం మనకు అలవాటు. ఏం మాట్లాడుకుంటాం? కందిపప్పు ధర ఎక్కడికి పోయిందో మాట్లాడుకుంటాం. కుళాయి మూడు రోజుల కొకసారి కూడా సరిగా రావడం లేదని విసుక్కుంటాం. పిల్లాడి బడి ఫీజు, ఆస్పత్రి ఖర్చు, ఆఫీసు చుట్టూ తిరిగినా చేతికి రాని కాగితం, ఇవే మన కబుర్లు. చిత్రమేమిటంటే, ఇవే సంగతులు మగవాళ్లు అరుగు మీద కూర్చుని మాట్లాడితే రాజకీయాలు అంటారు. మనం మాట్లాడితే మాత్రం అమ్మలక్కల కబుర్లు అని కొట్టిపారేస్తారు!

చరిత్ర పుస్తకాల్లో కూడా ఈ కబుర్లకు చోటు లేదు. ఏ రాజు ఎప్పుడు దండెత్తాడో, ఏ మంత్రి ఎప్పుడు రాజీనామా ఇచ్చాడో ఉంటుంది. బావి దగ్గర, కళ్లం దగ్గర, కూలికి వెళ్లే దారిలో ఆడవాళ్లు ఏం మాట్లాడుకున్నారో ఎవరు రాస్తారు? అయితే మన తెలుగునాటే, మనలో చాలామందికి గుర్తున్న కాలంలోనే, ఆ మాటలే పెరిగి పెద్దవై ప్రభుత్వం చేత ఆజ్ఞ మార్పించిన సందర్భం ఒకటి ఉంది. అది 1991 నుంచి 1993 వరకు నెల్లూరు జిల్లాలో జరిగిన సారా వ్యతిరేక ఉద్యమం.

ఉద్యమం పేరు మీరందరూ వినే ఉంటారు. అందులో నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసే భాగం మొదటి భాగం. ఒకావిడ తన బాధ బయటపెట్టింది. రెండో ఆవిడ ‘మా ఇంట్లోనూ అంతే’ అంది. ఆ మాటకూ, వందమంది గడప దాటి ఊరి పొలిమేరలో జీపుకు అడ్డం నిలబడటానికీ మధ్య ఏం జరిగింది? ఇవాళ ఆ సంగతి చెప్పుకుందాం.

ముందు ఆ రోజుల్లో సారా ఎలా అమ్మేవారో తెలియాలి. సారా దొంగచాటు సరుకు కాదు సుమా! సర్కారు అనుమతితో, సర్కారు లెక్కల్లో నడిచిన వ్యాపారం. 1980లలో ‘వారుణి వాహిని’ అనే పేరు పెట్టి, సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో నింపి సరఫరా చేయించింది ప్రభుత్వం. అంతకు ముందు సారా కోసం దుకాణానికి వెళ్లాల్సివచ్చేది. ప్యాకెట్లు వచ్చాక సారాయే మనిషి దగ్గరికి నడిచి వచ్చింది. చిన్న ప్యాకెట్టు, జేబులో పడుతుంది, చీర కుచ్చెళ్ల చాటునా దాచవచ్చు, పొలం గట్టుకూ తీసుకుపోవచ్చు. మంచినీళ్ల బావి లేని పల్లెకు కూడా సారా జీపు మాత్రం వేళ తప్పకుండా వచ్చేదని అప్పట్లో ఆడవాళ్లు నిష్ఠూరంగా చెప్పుకునేవారు.

అమ్మే హక్కు వేలంపాటలో దక్కేది. ఫలానా ప్రాంతంలో ఏడాది పాటు సారా అమ్ముకోవడానికి కాంట్రాక్టర్లు పోటీపడి పాడేవారు. ఇక్కడ కాస్త మన ఇంటి లెక్కలా ఆలోచించండి. వేలంలో అంత సొమ్ము కట్టినవాడు దాన్ని రాబట్టుకోవాలా వద్దా? రాబట్టాలంటే నిన్న తాగినవాడు ఇవాళ ఇంకో ప్యాకెట్టు తాగాలి, నిన్న తాగనివాడు ఇవాళ మొదలుపెట్టాలి. అందుకే అసలు దుకాణానికి తోడు చిల్లర కొట్లలోనూ, ఇళ్లలోనూ ప్యాకెట్లు వేలాడాయి. అరువు కూడా పెట్టారు. రాష్ట్రానికి ఎక్సైజు మీద వచ్చిన ఆదాయం 1970-71లో సుమారు 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి అది 812 కోట్లకు చేరింది. ఇరవయ్యేళ్లలో 20 రెట్లు! ఆ కోట్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. పొద్దంతా నడుం వంచిన కూలివాడి రొంటిన ఉన్న చిల్లరే అక్కడికి చేరింది.

ఆ చిల్లర ఇంటికి రాకపోతే ఏమవుతుందో మనకెవరూ చెప్పనక్కర్లేదు. మగవాడి కూలి కన్న ఆడదాని కూలి తక్కువ. ఆ తక్కువ కూలితోనే బియ్యం, ఉప్పు, పప్పు, పిల్లవాడి మందు అన్నీ జరగాలి. పైగా రాత్రికి తిట్లు, దెబ్బలు. దాచుకున్న నాలుగు రూపాయలు తియ్యమని తగవు. ఇదంతా ఒక్క ఇంట్లో జరిగేది కాదు, అయినా ప్రతి ఇల్లాలూ తన ఒక్కదాని ఇంట్లోనే జరుగుతున్నట్టు తలుపు వేసుకుని భరించింది. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని భయం. నా ఖర్మ ఇంతే అని నిట్టూర్పు. ‘ఖర్మ’ అనే మాట ఎంత సౌకర్యమైనదో గమనించారా? ఆ మాట అన్నాక ఇంక ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు.

ఆ తలుపు ఎలా తెరుచుకుంది?

1991 జనాభా లెక్కల ప్రకారం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి 33 మంది లోపే. జాతీయ సాక్షరతా మిషన్ 1988లో ఏర్పడ్డాక, జిల్లా జిల్లాకూ అక్షరాస్యతా కార్యక్రమాలు వచ్చాయి. నెల్లూరు జిల్లాలో 1991లో మొదలైన కార్యక్రమానికి ‘అక్షర దీపం’ అని పేరు. జిల్లా యంత్రాంగంతో పాటు జన విజ్ఞాన వేదిక వంటి స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు, చదువుకున్న పల్లె యువతీ యువకులు ఇందులో పనిచేశారు. కళాజాతా బృందాలు ఊరూరా తిరిగి పాటలు పాడి, చిన్న చిన్న నాటికలు వేసి జనాన్ని పోగుచేశాయి. రాత్రి భోజనాలయ్యాక లాంతరు వెలుగులోనో, వీధి దీపం కిందనో బడి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే!

ఒక్క సంగతి ఆలోచించండి. అంతకు ముందు పల్లెటూళ్లో పాతికమంది ఆడవాళ్లు ఒకచోట నింపాదిగా కూర్చోవాలంటే పెళ్లో, చావో, పండగో ఉండాలి. బావి దగ్గర మాట్లాడుకున్నా నెత్తిన బిందె బరువు, ఇంట్లో పొయ్యి తొందర. చేలో మాట్లాడుకున్నా మేస్త్రీ కేక. రాత్రి బడి వచ్చాక వాళ్లకు మొట్టమొదటిసారి రోజూ ఒక గంట, ఒక చోటు, కూర్చోవడానికి ఒక కారణం దొరికాయి. ఎక్కడికే అని మొగుడు అడిగితే, చదువుకోడానికి అని జవాబు చెప్పవచ్చు. సర్కారు పెట్టిన బడి కాబట్టి కాదనడానికీ లేదు.

వయోజనుల చదువులో ఒక పద్ధతి ఉంది. పిల్లలకు చెప్పినట్టు ‘అ’ అంటే అమ్మ అని వల్లెవేయించరు. ముందు ఒక బొమ్మ చూపిస్తారు. బొమ్మలో ఉన్నదేమిటో చెప్పమంటారు. మీ ఊళ్లో ఇలా జరుగుతుందా అని అడుగుతారు. మాట్లాడించాక ఆ మాటల్లోంచే అక్షరం నేర్పుతారు. పలక మీద అక్షరం దిద్దడానికి ముందు నోట మాట రావాలన్న మాట. నోట మాట రావడం మొదలైతే అది పాఠం దగ్గర ఆగుతుందా?

ఆ బడుల్లో ఎలాంటి మాటలు దొర్లి ఉంటాయో మనకు ఊహించడం కష్టం కాదు.

‘ఏందక్కా, కళ్లు అట్లా ఎర్రంగుండాయి?’

‘రాత్రంతా నిద్ర లేదు మే. ఆయన తాగొచ్చి ఒకటే గోల.’

‘మా ఇంట్లోనూ అంతే, వదినా.’

చూశారా, ఈ మూడో మాట ఎంత చిన్నదో! ఇందులో సలహా లేదు, ఉపదేశం లేదు. నువ్వు సర్దుకుపోవాలమ్మా అన్న పెద్దరికం లేదు. నీ మొగుడు మంచివాడు కాదులే అన్న ఎత్తిపొడుపు అసలే లేదు. కానీ ఆ ఒక్క మాటతో మొదటావిడ సిగ్గు సగం పోయింది. తన ఇంటి గుట్టు అనుకున్నది ఊరందరి గుట్టు అని తేలింది. అందరిళ్లలోనూ ఒకే జబ్బు కనబడుతుంటే, అది ఖర్మ అయ్యే అవకాశం లేదు కదా. ఒక వీధిలో పది ఇళ్లలో వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే మనం ఏం చేస్తాం? ఎవరి జాతకం వాళ్లు చూసుకోం, నీళ్ల ట్యాంకు చూడమంటాం. వాళ్లూ అదే చేశారు.

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో దూబగుంట అనే పల్లె ఉంది. ఆ ఊళ్లో కూలీలు తాగిన మైకంలో చెరువులో పడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలాంటి చావులు అంతకు ముందు చుట్టుపక్కల జరగలేదని కాదు. ఈసారి మాత్రం ఊరి ఆడవాళ్లు ఏడ్చి ఊరుకోలేదు. ముందు ఊరి పెద్దలకు చెప్పుకున్నారు, పని జరగలేదు. అప్పుడు తామే కదిలారు. దాదాపు వందమంది ఒక్కటయ్యారు. వాళ్లలో ముందు నిలిచినావిడే వర్ధినేని రోశమ్మ. దూబగుంట రోశమ్మ అంటే తరువాత రాష్ట్రమంతా తెలిసింది. ఆవిడ 2016లో కన్నుమూశారు.

వాళ్లు చేసిన పనుల్లో నాకు మరీ నచ్చింది ఒకటుంది. ఊళ్లోకి కల్లు బండి వచ్చింది. ఆడవాళ్లు అడ్డం తిరిగారు. కల్లు పారబోయమన్నారు. ఊరికే పారబోయమనలేదు. నీకు నష్టం వస్తుందంటావా, మేం తలా ఒక రూపాయి వేసుకుని నీకిస్తాం అన్నారు! ఆ రోజుల్లో వాళ్లకు రూపాయి అంటే చిన్న సొమ్ము కాదు. బండివాడికీ ఇల్లూ పిల్లలూ ఉంటారని, వాడి పొట్ట కొట్టడం తమ పని కాదని వాళ్లకు తెలుసు. కోపంలో ఉన్న మనిషికి ఎదుటివాడి నష్టం గుర్తు రావడం ఎంత కష్టమో మనందరికీ అనుభవమే. వాళ్లకు ఆ కోపంలోనూ అది గుర్తుంది. బండివాడు మళ్లీ ఆ ఊరివైపు రాలేదు. తరువాత సారా ప్యాకెట్ల జీపు వచ్చింది. దాన్నీ చుట్టుముట్టారు. వెనక్కి తీసుకుపోకపోతే కలెక్టరుకు చెబుతామన్నారు. జీపు వెనక్కి తిరిగింది. ఊళ్లో సారా దుకాణం మూతపడింది.

ఇక్కడే ఇంకో విశేషం. దూబగుంట ఆడవాళ్ల సంగతి పాఠమైంది! కొత్తగా చదువు నేర్చినవాళ్ల కోసం తయారుచేసిన పుస్తకంలో ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా ఆ ఉదంతాన్ని వేశారు. సారా చేసే చేటు గురించి ‘సీతమ్మ కథ’ కూడా చదివించారు. ఎక్కడో ఒక పల్లెలో కూడబలుక్కుంటూ ఒకావిడ ఆ పాఠం చదువుతుంటే మిగతావాళ్లు ఊపిరి బిగబట్టి విని ఉంటారు. అందులో రాజకుమార్తె లేదు, దేవత లేదు. తమలాంటి కూలి ఆడవాళ్లు, తమ జిల్లాలోనే, పేరు తెలిసిన ఊళ్లో చేసిన పని ఉంది. వాళ్లు చేయగలిగింది మనమెందుకు చేయలేం అన్న ప్రశ్న దానంతట అదే వచ్చింది. పుస్తకం చేతికి వచ్చిన కొత్తలోనే పుస్తకంలో తమ ముఖం తమకు కనబడటం ఎంత అదృష్టం! మనలో ఎంతమందికి దక్కింది ఆ అదృష్టం?

1992 నాటికి ఊరి తరువాత ఊరు కదిలింది. ‘ఈనాడు’ వంటి పత్రికలు రోజూ ఆ వార్తలకు చోటిచ్చాయి. చదువు వచ్చినావిడ పత్రిక పైకి చదివితే రానివాళ్లు చుట్టూ కూర్చుని వినేవారు. ఒక ఊళ్లో చీపుళ్లూ కారప్పొడీ పట్టుకుని దుకాణం దగ్గర కాపలా కాశారంటే మర్నాడు ఇంకో ఊరికి అది తెలిసిపోయేది. ప్యాకెట్లు గుట్టపోసి తగలబెట్టారు. తాగి వచ్చినవాడికి అన్నం పెట్టలేదు. నలుగురిలో నిలదీశారు. ఎదురుగా కాంట్రాక్టరు మనుషుల బెదిరింపులూ, పోలీసు కేసులూ వచ్చాయి. అయినా మహిళా సంఘాలూ, రాజకీయ పక్షాలూ వచ్చి కలవకముందే, జెండా అంటూ లేకుండానే వాళ్లు ఊరూరా నిలబడ్డారు.

సోదరీమణులారా, ఇందులో ఒక క్రమం ఉంది, గమనించండి. మొదట ప్రతి ఆడదీ వేలు తన వైపే చూపించుకుంది, నా ఖర్మ అని. తరువాత మొగుడి వైపు చూపింది, ఈయన ఇలాంటివాడు అని. బడిలో కూర్చుని మాట్లాడుకున్నాక, మొగుడు ఒక్కడే కాదు, ఊరి మగవాళ్లంతా అలాగే ఎందుకయ్యారు అన్న ప్రశ్న వచ్చింది. దానితో వేలు దుకాణం వైపు తిరిగింది. దుకాణం మూయించబోతే అతనన్నాడు, నన్నేం చేయమంటారమ్మా, నేను కాంట్రాక్టరు మనిషినని. వేలు కాంట్రాక్టరు వైపు తిరిగింది. కాంట్రాక్టరు అన్నాడు, నేను సర్కారుకు సొమ్ము కట్టి వేలంలో పాడుకున్నానని. అప్పుడు వేలు వేలంపాట వైపు, సర్కారు వైపు తిరిగింది. కూలి చేసుకునే ఆడది, నిన్న మొన్న అక్షరాలు దిద్దినది, తన ఇంటి పొయ్యి దగ్గర్నుంచి బయలుదేరి రాష్ట్ర ఖజానా దాకా దారి తానే కనుక్కుంది!

పైగా అసలు దోషి ఎవరో తెలిసినకొద్దీ మొగుడి మీద కోపం తగ్గింది. తగ్గడమంటే తప్పు తప్పు కాకుండా పోవడం కాదు, అన్నం పెట్టకుండా కూర్చోబెట్టిన సందర్భాలు చెప్పుకున్నాం కదా. కానీ రోజంతా ఎండలో ఒళ్లు హూనం చేసుకున్న మనిషికి ప్యాకెట్టు చేతికి అందేలా పెట్టి, అరువిచ్చి, అప్పులో దింపినవాడు వేరే ఉన్నాడని వాళ్లు గుర్తుపట్టారు. మొగుణ్ణి వదిలించుకోవాలని వాళ్లెవరూ ఉద్యమం చేయలేదు, మొగుడి దగ్గర్నుంచి సారాను వదిలించాలని చేశారు.

ఆఖరికి నెల్లూరులో వేలంపాటల దగ్గరికే వెళ్లారు. ఊళ్లలో దుకాణాలు మూయించినంత మాత్రాన సరిపోదు, పాటే జరగకూడదు అన్నారు. జిల్లాలో వేలంపాటలు పదే పదే వాయిదా పడ్డాయి. ఉద్యమం ఇతర జిల్లాలకూ పాకింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు. కోట్ల విజయభాస్కరరెడ్డి గారి ప్రభుత్వం 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలుచేసింది. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్య నిషేధం పెద్ద వాగ్దానమైంది. ఆ డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజునే ఎన్.టి. రామారావు గారు ఆ వాగ్దానం ప్రకటించారు. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది. వారుణి వాహిని తెచ్చింది ఆయన ప్రభుత్వమే, మద్యనిషేధం తెచ్చిందీ ఆయన ప్రభుత్వమే. మధ్యలో మారిందేమిటంటే, ఆడవాళ్లు నోరు విప్పారు.

కథ ఇక్కడ కంచికి వెళ్లిందని చెబితే మీకు బాగుంటుంది, నాకూ బాగుంటుంది. కానీ చరిత్రను మనకు నచ్చినచోట ఆపేయకూడదు. 1997లో సారా మినహా మిగతా మద్యం మీద నిషేధం ఎత్తివేశారు. ఖజానాకు ఆదాయం పోతోందనీ, పక్క రాష్ట్రాల నుంచి దొంగ మద్యం ఆగడం లేదనీ కారణాలు చెప్పారు. సారా ప్యాకెట్టు పోయింది, సీసా వచ్చింది. ఆ తరువాత కూడా ఈ ప్రశ్న ఎన్నికల వేళల్లో మళ్లీ మళ్లీ వచ్చింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మద్యం దుకాణాలు ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టింది, 2024 అక్టోబరులో అవి మళ్లీ ప్రైవేటు చేతికి వెళ్లాయి. అమ్మే చేతులు మారాయి.

మరి ఆ ఆడవాళ్లు ఓడిపోయారా? నేనలా అనుకోను. నా అభిప్రాయం ఏమిటంటే, నిషేధం చట్టమయ్యేసరికి ఇక పోలీసులు చూసుకుంటారులే అనుకున్నారు. ఊరి పొలిమేరలో కాపలా కాసిన ఆడవాళ్లు ఇళ్లకు వెళ్లారు. రాత్రి బడుల్లో లాంతర్లు ఆరాయి. మాట్లాడుకునే చోటు పోయాక, మాట కూడా పలచబడింది. చట్టాన్ని తెచ్చింది నలుగురి మాట. ఆ మాట ఆగాక ఒట్టి చట్టం ఎన్నాళ్లు నిలబడుతుంది?

మాట ఆగనిచోట ఏమయిందో కూడా నెల్లూరే చూపించింది. అక్కడ ఆడవాళ్లు సారా నుంచి మిగిలిన రూపాయిని పొదుపు చేయడం మొదలుపెట్టారు. రోజుకు ఒక్క రూపాయి చొప్పున దాచుకునే ఆ సంఘాలకు ‘పొదుపు లక్ష్మి’ అని పేరు. కల్లు బండివాడికి తలా ఒక రూపాయి ఇస్తామన్నారే, ఆ లెక్కే ఇక్కడ ఇంటి లెక్కయింది. తరువాత రాష్ట్రమంతటా విస్తరించిన మహిళా పొదుపు సంఘాలకు నెల్లూరు అనుభవం దారి చూపింది. డబ్బు లెక్క కోసం కూర్చున్నా, వారానికో నెలకో పదిమంది ఆడవాళ్లు ఒకచోట కూర్చోవడం మాత్రం మిగిలింది.

ఇదంతా పల్లెటూరి కూలి ఆడవాళ్ల సంగతి, పట్నంలో గ్యాసు పొయ్యి ముందు నిలబడే మనకేం సంబంధం అనిపిస్తుందేమో. పట్నం సంగతి కూడా ఒకటి చెబుతాను. 1972లో మహారాష్ట్రలో కరువు. బొంబాయిలో నూనె, పంచదార, కిరసనాయిలు, ధాన్యం ధరలు మండిపోయాయి. అక్కడి గృహిణులు కూడా మొదట మనలాగే వరండాల్లో నిలబడి విసుక్కున్నారు. తరువాత పళ్లెం ఒక చేత్తో, చపాతీల కర్ర ఒక చేత్తో పట్టుకుని వాయించుకుంటూ వీధిలోకి వచ్చారు. చపాతీల కర్రను మరాఠీలో లాట్నే అంటారు. అందుకే దాన్ని లాట్నే మోర్చా అన్నారు. ముందు నడిచిన వాళ్లలో మృణాల్ గోరే సోషలిస్టు, అహల్యా రంగ్నేకర్ కమ్యూనిస్టు. పార్టీలు వేరు, సిద్ధాంతాలు వేరు. నూనె డబ్బా మాత్రం అందరిళ్లలోనూ ఖాళీయే! అందుకని ఒకే సంఘంగా కలిశారు. మృణాల్ గోరేను జనం ‘పానీవాలీ బాయి’ అనేవారు, అంటే నీళ్లావిడ అని. గోరేగావ్‌లో మంచినీళ్ల కోసం ఆవిడ చేసిన పోరాటం వల్ల వచ్చిన పేరది. 1975లో ఎమర్జెన్సీ వచ్చి ఆ ఉద్యమం ఆగిపోయింది, నాయకురాళ్లు జైళ్లకు వెళ్లారు. 1977 ఎన్నికల్లో ఆ ఇద్దరూ లోక్‌సభకు గెలిచారు.

అక్కడ కుళాయి, నూనె డబ్బా. ఇక్కడ సారా ప్యాకెట్టు. రెండు చోట్లా మొదలు ఒక్కటే. ఒకావిడ బాధ చెప్పుకుంది, ఇంకొకావిడ చివరిదాకా వింది.

ఈ వినడం ఉంది చూశారూ, అదే కష్టం. ఇవాళ మన కబుర్లు పిట్టగోడ దగ్గర్నుంచి చాలావరకు ఫోనులోకి వెళ్లాయి. పొద్దున్నే ధరల మీద ఒక కోపం పంపిస్తాం, మధ్యాహ్నం నాయకుల మీద ఒక హాస్యం పంపిస్తాం, రాత్రికి రెండూ మరిచిపోతాం. ఎవరైనా తన కష్టం రాసుకుంటే మన పార్టీకి తగులుతుందేమోనని వెంటనే ఎదురు సమాధానం చెబుతాం. ఆవిడ కుళాయిలో నీళ్లు రావడం లేదంటుంది, మనం పాత ప్రభుత్వంలో వచ్చేవా అంటాం! ఆవిడ బిందె ఖాళీగానే ఉండిపోతుంది, మనం వాదనలో గెలుస్తాం. దూబగుంటలో ఎవరైనా అలా అని ఉంటే ఆ మాట అక్కడే ఆగిపోయేది కాదూ?

రేపు మీ పక్కింటావిడ గోడ దగ్గర నిలబడి ఏదో చెప్పబోతుంది. ఫీజు సంగతో, ఆస్పత్రిలో మందులు లేవన్న సంగతో, వీధి చివర చీకట్లో ఆడపిల్ల నడవలేకపోతున్న సంగతో. సలహా చెప్పడానికి తొందరపడకండి. అందరికీ ఉండేదేలే అని తీసిపారేయకండి. మీ ఇంట్లోనూ అంతే అయితే, సిగ్గుపడకుండా ఆ మాట చెప్పండి. మీ ఇంట్లో అలా లేకపోతే, ఇంకెవరింట్లో ఉందో కనుక్కోండి. ఇద్దరు కాస్తా నలుగురయ్యాక, ఇది ఎందుకిలా ఉంది, ఎవరిని అడగాలి అని ఒక్క ప్రశ్న వేసుకోండి. వార్డు ఆఫీసులో ఇవ్వాల్సిన అర్జీ అయితే నలుగురూ సంతకాలు పెట్టి ఇవ్వండి. ఇచ్చాక రసీదు తీసుకోండి. పదిహేను రోజులకు మళ్లీ నలుగురూ కలిసే వెళ్లండి. ఒక్కరు వెళితే రేపు రమ్మంటారు, నలుగురు వెళితే కూర్చోమంటారు!

ఇకమీదట మీ కబుర్లను ఎవరైనా అమ్మలక్కల కబుర్లు అని వెక్కిరిస్తే నొచ్చుకోకండి. నెల్లూరు జిల్లాలో అలాంటి కబుర్లే 1993లో సారా నిషేధం తెచ్చాయని నవ్వుతూ చెప్పండి. చెప్పి, మీ మాట మీరు కొనసాగించండి.

సెలవు.